ఇంజన్ వేడెక్కాక ఐడిల్ దిగట్లేదు, తర్వాత ఆగిపోతోంది (3.5 సీసీ నైట్రో బగ్గీ)

బెజవాడ_బగ్గీ | విజయవాడ | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రెండు నెలల కిందట 1:8 సైజు (అసలు కారులో ఎనిమిదో వంతు) రిమోట్ కంట్రోల్ ఆఫ్‌రోడ్ బగ్గీ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను. ఇంజన్ పాయింట్ 21 క్యూబిక్ అంగుళాలు, అంటే 3.5 సీసీ. తాడు లాగే పద్ధతి కాదు, స్టార్టర్ బాక్స్ మీద పెట్టి తిప్పేది.

సమస్య చెబుతాను. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఒక్క దెబ్బకి అందుకుంటుంది. నాలుగైదు నిమిషాలు బ్రహ్మాండంగా పరిగెడుతుంది. ఆ తర్వాత ఫుల్ థ్రాటిల్ ఇచ్చి వదిలితే చప్పుడు వెంటనే ఐడిల్‌కి, అంటే ఊరికే నిలబడి తిరిగే వేగానికి, దిగదు. రెండు మూడు క్షణాలు అలా పైనే ఉండి, అప్పుడు మెల్లగా దిగుతుంది. ఇంకో రెండు రౌండ్లు కొట్టేసరికి మలుపులో ఆగిపోతుంది. మళ్లీ స్టార్ట్ చేద్దామంటే పదిహేను నిమిషాలు చల్లారాల్సిందే. టెంపరేచర్ గన్‌తో ప్లగ్ దగ్గర చూస్తే 140 డిగ్రీలు వచ్చింది.

కార్బురేటర్లో ఇంధనాన్ని సర్దే స్క్రూలు, అదే నీడిల్స్, చాలాసార్లు తిప్పాను. ఒక్కో వీడియోలో ఒక్కోలా చెబుతున్నారు. ఇప్పుడు ఏ నీడిల్ ఎక్కడ ఉందో నాకే తెలియదు. ఈ నెలలో మంట అంటించే గ్లో ప్లగ్గులు నాలుగు పోయాయి. మా అబ్బాయికి ఎనిమిదేళ్లు, ఆదివారం కోసం వారమంతా ఎదురుచూస్తాడు. ఐదు నిమిషాలకే కారు చేత పట్టుకుని ఇంటికి వచ్చేస్తుంటే వాడి మొహం చూడలేకపోతున్నాను. దారి చూపించండి.

నిర్వాహకుడు | శనివారం రాత్రి 10:05

స్వాగతం అండీ. ఇంత వివరంగా రాసినందుకు సంతోషం. ఇంకొన్ని చెప్పండి: ఇంధనంలో నైట్రో (నైట్రోమీథేన్) ఎంత శాతం, ప్లగ్ హాటా మీడియమా, ఎక్కడ నడుపుతున్నారు, ఎయిర్ ఫిల్టర్ ఎప్పుడు కడిగారు. పోయిన ప్లగ్గులు పారేయలేదు కదా? వాటి ఫోటోలు పెట్టండి.

ఒక మాట ముందే. ఈ ఇంధనంలో ముఖ్యంగా ఉండేది మిథనాల్, దాని మంట ఎండలో కంటికి కనపడదు. పిల్లవాడు పక్కన ఉంటాడు కాబట్టి ఇంధనం పోసేటప్పుడు వాణ్ని దూరంగా నిలబెట్టండి. చిన్నదైనా సరే, మంటలార్పే సిలిండర్ ఒకటి దగ్గర ఉంచుకోండి.

భాగ్యనగర్_బాష్ | హైదరాబాద్ | శనివారం రాత్రి 10:20

అన్నా, 140 అంటే పక్కా లీన్, గాలికి తగ్గ ఇంధనం పోతలేదు. హై నీడిల్ (ఫుల్ థ్రాటిల్‌ది) అర రౌండ్ ఎడమకు తీయి, సల్లబడతది. నాది గూడ గట్లనే అయితుండె, తీసినంక మంచిగైంది. లో నీడిల్ (ఐడిల్‌ది) ముట్టకు.

సాగరతీరం_21 | విశాఖపట్నం | శనివారం రాత్రి 10:48

బాష్ గారూ, అర రౌండ్ అంటే చాలా ఎక్కువ అండి. ఈ ఇంజన్లకి గడియారం లెక్కన తిప్పాలి. స్క్రూడ్రైవర్ గాడి 12 దగ్గర ఉంటే 11 దగ్గరికి, అంతే, దాన్నే ఒక గంట అంటాం. తిప్పాక రెండు రౌండ్లు నడిపి, చప్పుడు విని, అప్పుడు ఇంకో గంట. ఒకేసారి అర రౌండ్ తీస్తే ప్లగ్ తడిసిపోయి ఆరిపోతుంది, అప్పుడు అసలు జబ్బేమిటో తెలియకుండా పోతుంది.

తెనాలి_మెకానిక్ | తెనాలి | ఆదివారం ఉదయం 6:15

బాబూ, నీడిల్స్ ముట్టుకోకు. నేను చెప్పేది ఒక్కసారి విను.

నేను నలభై ఏళ్లుగా టూ స్ట్రోక్ బళ్లు బాగుచేస్తున్నాను. 1985లో ఆర్‌ఎక్స్ 100 వచ్చిన దగ్గర్నుంచి ఎన్ని ఇంజన్లు విప్పానో లెక్కలేదు. నీ కారు చేస్తున్న పని నాకు బాగా తెలుసు. క్రాంక్ సీల్ (క్రాంక్ షాఫ్ట్ దగ్గర గాలి చొరకుండా ఆపే రబ్బరు) పోయిన బండి సరిగ్గా ఇలాగే చేస్తుంది. యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ అరుస్తూనే ఉంటుంది. కార్బురేటర్ మూసినా పక్కదారిన గాలి వెళుతోంది కాబట్టి దానికి నువ్వు వదిలిన సంగతి తెలియదు. కొత్తగా పని నేర్చుకునే కుర్రాళ్లు ఆ బండికి జెట్లు మారుస్తూ కూర్చుంటారు. వారానికి పిస్టన్ పట్టేస్తుంది.

గాలి పీల్చే ఇంజన్‌కి ట్యూనింగ్ కుదరదు. చల్లగా ఉన్నప్పుడు ఒకటి, వేడెక్కాక ఇంకొకటి, ట్యాంకు నిండా ఉంటే ఒకటి, సగానికి వస్తే ఇంకొకటి. నువ్వు చెప్పింది అదే కదా. ముందు లీక్ ఉందో లేదో తేల్చుకో. దానికంటే ముందు థ్రాటిల్ లింకేజీ చూడు, స్ప్రింగ్ గట్టిగా లాగుతోందా, కార్బ్ స్లయిడ్ మధ్యలో పట్టేస్తోందా అని. అది బాగుంటే గాలే.

బెజవాడ_బగ్గీ | ఆదివారం ఉదయం 8:30

బాబాయ్ గారూ, నమస్కారం. ఫిల్టర్ తీసి స్లయిడ్ చేత్తో జరిపి చూశాను, నున్నగా జరుగుతోంది, వదిలితే వెంటనే మూసుకుంటోంది.

నిర్వాహకుడు గారు అడిగినవి: ఇంధనం 25 శాతం నైట్రో. ప్లగ్ మీడియం, టర్బో రకం. నడిపేది కృష్ణ ఒడ్డున ఒక ఖాళీ జాగాలో, మెత్తటి దుమ్ము ఎక్కువ. ఫిల్టర్ వారానికి ఒకసారి కడిగి నూనె పట్టిస్తున్నాను. నాలుగు ప్లగ్గుల ఫోటోలు పెట్టాను. మూడింటిలో తీగ బూడిద రంగులో, మెరుపు లేకుండా ఉంది. ఒకదాంట్లో తీగ నలిగి ఒక పక్కకి ఒరిగిపోయింది.

డాలస్_డ్రిఫ్ట్ | టెక్సాస్ | ఆదివారం ఉదయం 9:10

ఫోటోలు చూశాను. మంచి ట్యూన్‌లో ఉన్న ప్లగ్ తీగ కొంచెం మెరుస్తూ, అంచులు మాత్రం లేత బూడిద రంగులోకి తిరుగుతాయి. పూర్తిగా మెరుస్తూ తడిగా ఉంటే రిచ్, అంటే ఇంధనం ఎక్కువ. మీ మూడూ సున్నం పూసినట్టు ఉన్నాయి, అంటే లీన్‌గా కాలాయి. తీగ నలిగిందంటే మంట ముందుగానే అంటుకుని కొట్టింది. ఈ ఇంజన్లో స్పార్క్ లేదు కదా. మిథనాల్ ఆవిరి ప్లగ్‌లోని ప్లాటినమ్ తీగ మీద తనంతట తానే వేడి పుట్టిస్తుంది, ఆ వేడితోనే మంట అందుకుంటుంది. 1947లో రే ఆర్డెన్ తెచ్చిన గ్లో ప్లగ్ ఇప్పటికీ అదే పద్ధతి. టైమింగ్‌కి వేరే స్క్రూ ఉండదు. మిశ్రమం, ప్లగ్ వేడి, కంప్రెషన్, ఈ మూడూ కలిసి టైమింగ్‌ని తేలుస్తాయి. లీన్ అయితే టైమింగ్ ముందుకు జరిగినట్టే. అందుకే ప్లగ్గులు వరసగా పోతాయి.

బాబాయ్ గారి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. లీక్ చూడండి. ఇంజన్ నడుస్తుండగా చేయగల చిన్న పరీక్ష కూడా ఒకటుంది. వేడెక్కాక ఐడిల్లో ఉంచి, కార్బ్ దగ్గర ఇంధనం ట్యూబును వేళ్లతో నొక్కి పట్టండి. లో నీడిల్ సరిగ్గా ఉంటే రెండు మూడు క్షణాలు నడిచి, చప్పుడు కొద్దిగా పెరిగి ఆగుతుంది. నొక్కగానే టక్కున ఆగితే లీన్. చాలాసేపు నడుస్తూ వేగం బాగా పెరిగి అప్పుడు ఆగితే రిచ్. మీకు ఒక్కోసారి ఒక్కోలా వస్తే అది లీక్ లక్షణమే.

ఇంకో మాట. టెంపరేచర్ గన్ చూసి ట్యూన్ చేయకండి. అది హెచ్చరిక కోసం. ఇక్కడ మేం ఫారెన్‌హీట్‌లో 220 నుంచి 250 మధ్య చూస్తాం, మీ లెక్కలో 105 నుంచి 120. కానీ ఒకే ట్యూన్‌లో చలికాలం 95, ఎండాకాలం 120 వస్తాయి. అంకె కోసం నీడిల్ తిప్పేవాళ్లు చలికాలంలో ఇంజన్‌ని లీన్ చేసి చంపుకుంటారు. పొగ చూడండి, చప్పుడు వినండి.

బెజవాడ_బగ్గీ | ఆదివారం మధ్యాహ్నం 12:50

ట్యూబు నొక్కి చూశాను. మొదటిసారి నాలుగు క్షణాలు, రెండోసారి టక్కున ఆగిపోయింది. మధ్యలో నేను నీడిల్ ముట్టుకోలేదు. లీక్ ఎలా వెతకాలో చెప్పండి బాబాయ్ గారూ.

తెనాలి_మెకానిక్ | ఆదివారం సాయంత్రం 5:30

పంక్చర్ షాపులో ట్యూబు నీళ్ల తొట్టిలో ముంచుతాడు చూశావా, అదే పని.

ఇంజన్ కారులోంచి తీసేయి. ప్లగ్ బిగించే ఉంచు. సైలెన్సర్ పైపు తీసి ఎగ్జాస్ట్ నోటికి మెత్తటి రబ్బరు బిరడా గట్టిగా పెట్టు. కార్బ్ పైన ఫిల్టర్ కూర్చునే మెడకి కూడా రబ్బరు కట్టు. ఇక మిగిలింది ఇంధనం వచ్చే నిపుల్. దానికి అడుగు పొడవు సిలికాన్ ట్యూబు తగిలించి, ట్యూబు చివర పెద్ద సిరంజి పెట్టు. నోటితో ఊదొద్దు, పీల్చొద్దు. లోపల మిగిలి ఉన్నది మిథనాల్, విషం. ఇంజన్ నీళ్లలో ముంచి సిరంజి మెల్లగా నొక్కు.

ముందు బేరింగ్ దగ్గర ఒకటీ అరా బుడగలు రావడం మామూలే, దానికి కంగారుపడకు. కార్బ్ మెడ ఇంజన్లో దిగే చోటు, వెనక ప్లేటు, ప్లగ్ చుట్టూ, నీడిల్ గూళ్లు, ఈ నాలుగూ చూడు. తర్వాత ట్యాంకు విడిగా ముంచు. మూత రబ్బరు పోయినా ఇదే గొడవ, ఎందుకంటే సైలెన్సర్ ఒత్తిడే కదా ఇంధనాన్ని కార్బ్ దాకా నెట్టేది.

పని అయ్యాక ఇంజన్ని నీళ్లతో వదిలేయకు. ప్లగ్ తీసి, తలకిందులుగా తిప్పి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, ఆఫ్టర్ రన్ ఆయిల్ (నడిపాక తుప్పు పట్టకుండా వేసే నూనె) నాలుగు చుక్కలు వేసి ఫ్లైవీల్ తిప్పు. అదే రోజు చేయి. వెనక బేరింగ్‌కి తుప్పు పట్టడానికి ఒక్క రాత్రి చాలు.

బెజవాడ_బగ్గీ | సోమవారం రాత్రి 11:15

దొరికింది!

ట్యాంకు బాగుంది. వెనక ప్లేటు బాగుంది. కార్బ్ మెడ దగ్గర మాత్రం సిరంజి నొక్కీ నొక్కగానే బుడగలు చీమల బారులా వరసగా వచ్చాయి. ఒక పక్క నుంచే వస్తున్నాయి. మా వాడు పక్కన కూర్చుని టార్చి పట్టాడు, ముందు చూసింది వాడే.

కార్బ్ బయటికి లాగి చూస్తే మెడ చుట్టూ ఉన్న ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు) గట్టిపడి ప్లాస్టిక్‌లా అయిపోయింది. ఒక వైపు నొక్కుకుపోయి చదునుగా ఉంది. వేలితో వంచబోతే సన్నగా పగిలింది. ఆ చోట మెడ మీద సన్నటి దుమ్ము చార కూడా ఉంది, అంటే గాలితో పాటు దుమ్ము కూడా లోపలికి వెళ్లినట్టే కదా? ఇప్పుడు అదే భయంగా ఉంది.

ఓ-రింగుల కిట్ ఆర్డర్ పెట్టాను, వారం పడుతుందన్నారు. బాబాయ్ గారూ, మీ రుణం తీర్చుకోలేను.

తెనాలి_మెకానిక్ | మంగళవారం ఉదయం 6:00

రుణం ఏముంది నాయనా. దుమ్ము సంగతి చెబుతాను. ప్లగ్ తీసేసి, ఇంజన్ చల్లగా ఉండగా ఫ్లైవీల్ వేళ్లతో నెమ్మదిగా తిప్పు. పిస్టన్ పైకి చివరిదాకా వచ్చేచోట బిగుతుగా పట్టాలి. మీ ఇంజన్లలో పిస్టన్‌కి రింగులు ఉండవు. లోపలిది అల్యూమినియం పిస్టన్, బయటిది క్రోమ్ పూసిన ఇత్తడి స్లీవ్. స్లీవ్ పైన కాస్త ఇరుకుగా కోస్తారు. వేడెక్కితే ఇత్తడి విచ్చుకుని సరిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ పట్టు తగలకుండా జారిపోతే స్లీవ్ అరిగినట్టు. పట్టు ఉంటే నిశ్చింతగా ఉండు.

కిట్ వచ్చేలోపు వేరే రబ్బరు ఏదో ఒకటి సర్ది నడపకు.

బెజవాడ_బగ్గీ | మంగళవారం ఉదయం 7:20

చూశాను. పైకి వచ్చేచోట పట్టేస్తోంది, కొంచెం బలం పెడితేనే దాటుతోంది. ఊపిరి పీల్చుకున్నాను.

స్టుట్‌గార్ట్_సూది | జర్మనీ | మంగళవారం మధ్యాహ్నం 1:40

అందరూ లీక్ మీద ఉన్నారు, అది దొరికింది కూడా. కానీ ఒక ప్రశ్న మిగిలింది. మీకు అమ్మినాయన ఏ ఇంధనం వాడేవారు? ఆయన సెట్ చేసిన నీడిల్స్ ఎంత శాతానికి?

బెజవాడ_బగ్గీ | మంగళవారం మధ్యాహ్నం 2:05

ఫోన్ చేసి అడిగాను. 16 శాతం అట. నేను మొదటి రోజునుంచీ 25 వాడుతున్నాను, ఎక్కువ శక్తి వస్తుందని. దాని వల్ల కూడానా?

స్టుట్‌గార్ట్_సూది | మంగళవారం మధ్యాహ్నం 3:30

దాని వల్ల కూడా. మిథనాల్ ఒక పాలు పూర్తిగా కాలాలంటే సుమారు 6.4 పాళ్ల గాలి కావాలి, తూకంలో. పెట్రోల్‌కి 14.7. నైట్రోమీథేన్‌కి 1.7 చాలు, దాని అణువులోనే ఆక్సిజన్ ఉంది కాబట్టి. సిలిండర్లోకి వచ్చే గాలి అంతే, నైట్రో శాతం పెరిగితే అదే గాలికి ఎక్కువ ఇంధనం పోయాలి. 16 మీద సరిపోయిన నీడిల్ 25 మీద లీన్ అవుతుంది. శాతం మార్చిన ప్రతిసారీ నీడిల్ తెరవాలి. బాగా పెంచితే హెడ్ కింద 0.1 మిల్లీమీటర్ల షిమ్ (పలచటి రేకు) ఒకటి అదనంగా వేయాల్సి రావచ్చు.

మాకు ఇక్కడ ఈ గొడవ లేదు. యూరోపియన్ యూనియన్‌లో 2021 ఫిబ్రవరి నుంచి 16 శాతం దాటిన నైట్రోమీథేన్‌ని లైసెన్స్ లేని సాధారణ కొనుగోలుదారుకి అమ్మకూడదు, పేలుడు పదార్థాల ముడిసరుకు కింద వస్తుంది. మొదట్లో అందరం బాధపడ్డాం. ఇప్పుడు 16 మీదే నడుపుతున్నాం. ఇంజన్ చల్లగా ఉంటోంది, ఇంధనం తక్కువ తాగుతోంది, ప్లగ్గులు ఎక్కువ రోజులు వస్తున్నాయి. మీరు రేసులకి వెళ్లడం లేదు కదా. అబ్బాయితో ఆదివారం నడిపే కారుకి 16 హాయిగా సరిపోతుంది.

సాగరతీరం_21 | మంగళవారం రాత్రి 8:15

కిట్ వచ్చాక ట్యూన్ చేసేటప్పుడు గుర్తుంచుకోండి, మన వేసవికి రిచ్ పెట్టాలి. నేను మే నెలలో ఎప్పుడూ నీడిల్ గడియారం లెక్కన రెండు గంటలు తెరుస్తాను. లేకపోతే ఉడికిపోతుంది.

డాలస్_డ్రిఫ్ట్ | మంగళవారం రాత్రి 9:00

ఇక్కడ మాత్రం మీతో విభేదిస్తాను అన్నా. వేడి గాలి పలచగా ఉంటుంది. తేమ ఉంటే ఆక్సిజన్ చోటుని నీటి ఆవిరి ఆక్రమిస్తుంది. గాలి తగ్గితే ఇంధనం కూడా తగ్గాలి. లెక్క ప్రకారం మే నెల మధ్యాహ్నం, వైజాగ్ తేమలో, డిసెంబరు పొద్దుటి కంటే నీడిల్ కొంచెం మూయాలి. అసలు ప్రమాదం అటువైపు ఉంది. ఎండలో మధ్యాహ్నం ట్యూన్ చేసిన కారుని చలికాలం తెల్లవారుజామున అలాగే నడిపితే గాలి చిక్కబడి లీన్ అయిపోతుంది. ఇక్కడ డాలస్‌లో ఉత్తర గాలి వచ్చిన రోజు ఒక్క పూటలో ఇరవై డిగ్రీలు పడిపోతుంది. అలాంటి పూట నేను ఒక పిస్టన్ పోగొట్టుకున్నాను.

సాగరతీరం_21 | మంగళవారం రాత్రి 9:35

లెక్క ఒప్పుకుంటాను తమ్ముడూ. కానీ 42 డిగ్రీల ఎండలో హెడ్ చల్లబడటానికి గాలి ఎక్కడుంది? రిచ్‌గా పోసిన ఇంధనమే లోపలినుంచి చల్లబరుస్తుంది. నూనె కూడా అందులోనే వస్తుంది. కొంచెం శక్తి పోయినా పర్వాలేదు, ఇంజన్ బతకాలి.

బెంగళూరు_బురద | బెంగళూరు | మంగళవారం రాత్రి 10:10

ఇద్దరూ చెప్పేది నిజమే అనిపిస్తోంది నాకు. శక్తి కోసం సరైన చోటు మే నెలలో లీన్ వైపు జరుగుతుంది, భద్రత కోసం దాని కంటే రిచ్ వైపు ఆగుతాం. మా ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు, గాలి ఒత్తిడి పది శాతం దాకా తక్కువ. చెన్నై నుంచి వచ్చిన మిత్రుడి కారు ఇక్కడ పొగ తెగ కక్కింది, రెండు గంటలు మూస్తే కుదిరింది. ఆయన మళ్లీ చెన్నై వెళ్లి అదే సెట్టింగ్‌లో నడిపి ఉంటే ఇంజన్ పోయేది, అందుకే కారు మీద తెల్ల టేపు అంటించి రాసి పంపాను. క్యాలెండర్ చూసి తిప్పొద్దు. ప్రతి పూటా మొదటి ట్యాంకు కాస్త రిచ్‌లో మొదలుపెట్టి పొగ చూస్తూ దిగాలి.

పాలమూరు_పిల్లోడు | మహబూబ్‌నగర్ | బుధవారం సాయంత్రం 6:40

నేను కొత్తగ వచ్చిన. ఒక డౌటు. ఇంధనంల నూనె అంటే ఆముదం అంటున్నరు. మా తాన ఆముదం చేన్లు మస్తు. మా నాయినమ్మ ఇంట్లనే కాస్తది. అది కలపొచ్చునా? బయట కొన్న ఇంధనం శాన పిరం ఉన్నది.

స్టుట్‌గార్ట్_సూది | బుధవారం రాత్రి 7:50

తమ్ముడూ, మంచి ప్రశ్న అడిగావు. అవును, ఆముదమే. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల రోటరీ ఇంజన్లు ఆముదం మీదే తిరిగాయి. కొన్ని రకాల మోడల్ విమానాల పోటీల్లో ప్రామాణిక ఇంధనం ఇప్పటికీ 80 పాళ్లు మిథనాల్, 20 పాళ్లు ఆముదం. దీని గొప్పతనం ఏమిటంటే చాలా నూనెలు మిథనాల్‌లో కలవవు, ఇది కలుస్తుంది. పైగా ఇంజన్ లీన్ అయి మండిపోతున్నా ఆముదం ఆవిరై పోకుండా గోడల మీద పొరలా గట్టిపడి నిలుస్తుంది. సింథటిక్ నూనె శుభ్రంగా ఉంటుంది, కానీ ఆ వేడి దగ్గర చేతులెత్తేస్తుంది. అందుకే చాలా కంపెనీలు రెండూ కలుపుతాయి.

ప్రపంచంలో ఆముదం ఎక్కువగా పండించేది మన దేశమే, అందులో పెద్ద వాటా గుజరాత్‌ది. నేను ఇక్కడ కొనే డబ్బాలోని నూనె ఎక్కడి చేలోదో అని ఒక్కోసారి ఆలోచిస్తుంటాను.

కానీ నాయనమ్మ ఆముదం ఇంజన్లో పోయకు. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి, పైన తేలింది తీస్తారు కదా. అందులో తేమ ఉంటుంది, జిగురు ఉంటుంది. ఇంజన్‌కి జిగురు తీసి శుద్ధి చేసిన ఆముదమే కావాలి. ఇంట్లో ఇంధనం కలపడం కూడా వద్దు. మిథనాల్ ఒక గుటక లోపలికి పోయినా కంటిచూపు పోవచ్చు, చర్మం గుండా కూడా ఇంకుతుంది. సీల్ వేసిన డబ్బా కొనుక్కో.

తెనాలి_మెకానిక్ | బుధవారం రాత్రి 8:20

నాయనమ్మ ఆముదం తలకి రాసుకో బాబూ, బంగారం లాంటిది. ఇంజన్‌కి వద్దు. కొన్న డబ్బా కూడా మూత గట్టిగా బిగించు. మిథనాల్ గాలిలో తడిని పీల్చుకుంటుంది. సగం డబ్బా మూత వదులుగా రెండు నెలలు ఉంటే అది పనికిరాదు.

బెజవాడ_బగ్గీ | ఆ పై మంగళవారం రాత్రి 9:30

కిట్ వచ్చింది. కార్బ్ మెడ, గూడు రెండూ గుడ్డతో తుడిచి, కొత్త ఓ-రింగ్ కొంచెం ఆఫ్టర్ రన్ ఆయిల్ రాసి వేశాను. కార్బ్‌ని కిందికి నొక్కి పట్టుకుని బోల్టు బిగించాను. మళ్లీ నీళ్లలో ముంచితే ఒక్క బుడగ లేదు. 16 శాతం డబ్బా తెచ్చాను. ఇప్పుడు నీడిల్స్ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

డాలస్_డ్రిఫ్ట్ | మంగళవారం రాత్రి 10:15

మీ ఇంజన్ మాన్యువల్లో ఫ్యాక్టరీ సెట్టింగ్ ఉంటుంది, అక్కడి నుంచే. హై నీడిల్ మూసేటప్పుడు తగిలీ తగలగానే ఆపండి, బిగిస్తే లోపలి గూడు పాడవుతుంది. థ్రాటిల్ పూర్తిగా వదిలినప్పుడు కార్బ్ మూతి ఒక మిల్లీమీటర్ లోపే తెరిచి ఉండాలి. చాలామంది ఐడిల్ స్క్రూతో లో నీడిల్ తప్పుని కప్పేస్తారు, మీరు అలా చేయకండి.

రెండు మూడు నిమిషాలు మెల్లగా నడిపి వేడెక్కనివ్వండి. చల్లటి ఇంజన్ని ట్యూన్ చేయకూడదు. ముందు హై నీడిల్. నేరుగా ఉన్న దారిలో ఫుల్ థ్రాటిల్ ఇవ్వండి. గరగరమంటూ, పొగ గుప్పిస్తూ, పై వేగానికి చేరకపోతే ఒక గంట మూయండి. మళ్లీ చూడండి. చప్పుడు శుభ్రంగా పైకెళ్లి, వెనక నీలం పొగ సన్నటి గీతలా ఉంటే అక్కడ ఆగండి. పొగ లేకుండా దారి చివర శక్తి పడిపోతే దాటేశారు, వెంటనే రెండు గంటలు తెరవండి.

తర్వాత లో నీడిల్. అర నిమిషం ఐడిల్లో వదిలి, ఒక్కసారి థ్రాటిల్ నొక్కండి. గుడగుడమని పొగ వదిలి అప్పుడు లేస్తే రిచ్. చప్పుడు గొంతు నొక్కినట్టు తెగిపోతే లీన్. లో నీడిల్ మార్చాక హై మళ్లీ చూసుకోవాలి, ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద ఉంటుంది. ఇదంతా ట్యాంకు నిండా ఉన్నప్పుడు ఒకసారి, సగం ఉన్నప్పుడు ఒకసారి. ట్యాంకు తగ్గేకొద్దీ ఇంజన్ కొంచెం లీన్ అవుతుంది.

భాగ్యనగర్_బాష్ | మంగళవారం రాత్రి 10:40

బాబాయ్, అన్నా, నేను మొదట జెప్పింది తప్పు. లీక్ ఉన్న బండికి అర రౌండ్ తీయమన్న. ఈ థ్రెడ్ సదివి నా బండి గూడ నీళ్లల్ల ముంచిన. వెనక ప్లేటు కాడికెళ్లి బుడగలొచ్చినయ్! ఇన్ని దినాలు నీడిల్‌తోని సర్దుకుంట నడిపిన.

తెనాలి_మెకానిక్ | బుధవారం ఉదయం 5:50

బాష్ బాబూ, ప్లేటు విప్పి గ్యాస్కెట్ మార్చు. నాలుగు స్క్రూలూ ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించు. ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్లకు, ప్లేటు ఒక పక్కకి లేస్తుంది.

బెజవాడ_బగ్గీ | ఆదివారం ఉదయం 10:20

ఇవాళ పొద్దున ఆరింటికే వెళ్లాం. గాలి చల్లగా ఉంది, నేల ఇంకా తడిగా ఉంది, దుమ్ము లేవలేదు.

స్టార్టర్ బాక్స్ మీద పెట్టగానే అందుకుంది. మొదటి రౌండ్లలో పొగ బాగా వచ్చింది, గరగరమంది. వేడెక్కాక ఒక గంట మూశాను, మళ్లీ ఒక గంట. మూడో గంటకి చప్పుడు మారింది. అంతకుముందు గొంతులో ఏదో అడ్డం ఉన్నట్టు ఉండేది, ఒక్కసారిగా విచ్చుకుంది. వెనక పొగ దారిమీద సన్నగా గీత గీసినట్టు నిలిచింది. అక్కడే ఆపేశాను. ఇంకొక్క గంట మూసి చూద్దామని చెయ్యి లాగింది, మూయలేదు.

థ్రాటిల్ వదిలితే చప్పుడు వెంటనే పడిపోతోంది. వదిలిన క్షణమే. రెండు నెలల్లో మొదటిసారి విన్నాను అది. ట్యూబు నొక్కితే మూడు క్షణాలు, మళ్లీ నొక్కితే మళ్లీ మూడు. టెంపరేచర్ 108 నుంచి 112 మధ్య. ఆపినప్పుడల్లా ఫ్లైవీల్ తిప్పి పిస్టన్‌ని కిందికి దించి ఉంచాను, చల్లారేటప్పుడు స్లీవ్ బిగుసుకోకుండా. మా ఆవిడ గోళ్లరంగుతో ఫ్లైవీల్ మీద గుర్తు పెట్టుకున్నాను, పిస్టన్ ఎక్కడుందో దాన్ని చూస్తే తెలిసిపోతుంది.

నాలుగు ట్యాంకులు నడిపాం. ఆఖరి ట్యాంకు మొత్తం మా వాడే నడిపాడు. ప్లగ్ తీసి చూశాను, తీగ మెరుస్తోంది, అంచులు మాత్రం లేత బూడిద రంగు. ఫోటో పెడుతున్నాను.

తెనాలి_మెకానిక్ | ఆదివారం ఉదయం 10:45

ఫోటో చూశాను. బాగుంది నాయనా. ట్యాంకులో మిగిలింది ఒంపేశావా? ఆఫ్టర్ రన్ ఆయిల్ వేశావా?

బెజవాడ_బగ్గీ | ఆదివారం ఉదయం 10:52

ఒంపేసి, ట్యూబులో మిగిలింది కూడా అయిపోయేదాకా నడిపి ఆపాను బాబాయ్ గారూ. నూనె మా వాడు వేశాడు. నాలుగు చుక్కలు, లెక్కపెట్టి.